గడ్డికీ దారికీ మధ్య

మా నాన్న ఇనుము కరిగించాడు. నేను గడ్డి వేశాను. మా ఇంటి రెండు తరాల ఉద్యోగ చరిత్ర ఇంతే.

నాన్న శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో కొలిమి ముందు నిలబడ్డాడు. నేను అదే ఊళ్ళో, సాక్చీలో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో కూర్చుని, ఇంకా కట్టని భవనాల ముందు ఇంకా మొలవని గడ్డిని మొలిపించాను. తొంభైల మొదట్లో పోస్టర్ రంగులతో, ఆ తర్వాత కంప్యూటర్‌తో. తోట గానీ పార్కు గానీ కట్టకముందే, కడితే ఎలా ఉంటుందో బొమ్మలో చూపించడం నా పని. "మీవోడేటి సేత్తన్నాడు?" అని స్నేహితులు అడిగితే నాన్న "బొమ్మలేత్తాడు" అనేసి వెంటనే మాట మార్చేసేవాడు. ఆయనకి కాస్త సిగ్గుగా ఉండేదని నాకు తెలుసు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతారు. నాకు తెలీదు. నేను కళ్ళు మండేలా కూర్చుని నేర్చుకున్న మూడు సాఫ్ట్‌వేర్లు నాకంటే ముందే రిటైరయ్యాయి. వాటి సంగతి వదిలేసి, నాకు పని నేర్పిన సంగతులు నాలుగు చెబుతాను. అందులో సగం నేను పప్పులో కాలేసినవే.

గడ్డి మీద తివాచీ

మా యజమాని ముఖర్జీ గారు. పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. చేతిలో ఎప్పుడూ టీ గ్లాసు. హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడేవారు. ఆయన మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. తిట్లు మాత్రం అసలు భాషలోనే బాగుంటాయి కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

ఆఫీసుకి కంప్యూటర్ వచ్చాక నేను చేసిన మొదటి రెండర్ (కంప్యూటర్‌ తయారుచేసే బొమ్మని అలా అంటాం) ఒక గెస్ట్‌హౌస్ ముందు తోట. పచ్చని గడ్డి ఫొటో ఒకటి, ఎర్ర మొరం ఫొటో ఒకటి తీసుకున్నాను. గడ్డి ఫొటోని నేలంతా పరిచాను, మొరం ఫొటోని దారి మీద పరిచాను. ఈ ఫొటోలనే మా పనిలో టెక్స్చర్లంటారు. కంప్యూటర్ పొద్దున్నించి సాయంత్రం దాకా మూలిగి మూలిగి బొమ్మ బయటపెట్టింది. నేను మురిసిపోయాను.

ముఖర్జీ గారు చూసి, టీ ఒక గుక్క తాగి, "రావు, ఈ తివాచీ ఎక్కడ కొన్నావు?" అన్నారు.

"తివాచీ ఏంటి సార్, అది దారి."

"దారైతే నేలలో ఉంటుంది. ఇది నేల మీద పరిచి ఉంది. గాలొస్తే ఎగిరిపోయేలా ఉంది."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్నది నిజమే. ఎరుపు ఆగిన చోటే పచ్చదనం మొదలైంది, కత్తితో కోసినట్టు. నేను వెంటనే ఆ అంచుని బ్లర్ చేసి మళ్ళీ చూపించాను. ఈసారి దారి అంచున మంచు పట్టినట్టుగా ఉంది. ఆయన నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని ఒక పాత బంగళా దగ్గరికి తీసుకెళ్ళి, మొరం దారి పక్కన గొంతుక్కూర్చోమన్నారు. తానూ కూర్చున్నారు. ఆ పొట్టతో అలా కూర్చోవడం ఆయనకి చిన్న కష్టమేం కాదు.

"ఎరుపుకీ పచ్చకీ మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు" అన్నారు.

అక్కడ కూర్చుని చూస్తే తెలిసింది. దారి మధ్యలో తొక్కి తొక్కి గట్టిపడిన నేల. దాని పక్కన కాళ్ళు తోసేసిన గులకరాళ్ళు. ఆ పక్కన అణిగిపోయి పసుపెక్కిన గడ్డి. దాని తర్వాత పచ్చగానే ఉన్నా ఎర్ర దుమ్ము పట్టిన గడ్డి. ఆ తర్వాత గానీ అసలు గడ్డి రాదు. పైగా అంచు ఒక్కచోట కూడా గీత గీసినట్టు లేదు. ఒకచోట గడ్డి దారిలోకి చొరబడింది, మరోచోట దారి గడ్డిని తినేసింది.

రెండు టెక్స్చర్లని కలపడమంటే ఇదే. కంప్యూటర్‌లో దానికి మాస్క్ అని ఒక నలుపు తెలుపు బొమ్మ వేస్తాం. తెల్లగా ఉన్నచోట మట్టి, నల్లగా ఉన్నచోట గడ్డి, బూడిదరంగు చోట రెండూ కొంచెం కొంచెం కనిపిస్తాయి. ఆ బూడిదరంగులోనే మన పనంతా ఉంటుంది. దాన్ని చుక్కలుగా, చీలికలుగా విరగ్గొట్టాలి. దాని మీద నాలుగు గడ్డిపోచలు విడిగా నిలబెట్టాలి, నాలుగు రాళ్ళు గడ్డిలోకి దొర్లించాలి. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే ఇదంతా అదే చేసేస్తుందని విన్నాను. చెయ్యనివ్వండి. ఒక్కసారి మాత్రం దారి పక్కన గొంతుక్కూర్చుని చూసి రండి.

వరసలో రాలిన ఆకు

రెండో పాఠం ఒక ఎండుటాకు నేర్పింది. గడ్డి ఫొటో చిన్నది, నేల పెద్దది. కాబట్టి అదే ఫొటోని బాత్రూం పలకల్లా పక్కపక్కన పేర్చుకుంటూ పోవాలి. ఒకసారి ఫొటోలో ఒక ఎండుటాకు ఉంది. నేను చూసుకోలేదు. బొమ్మ పూర్తయ్యాక చూస్తే మైదానం నిండా అదే ఆకు, వరసల్లో, డ్రిల్లు మాస్టారు నిలబెట్టినట్టుంది. బొమ్మ చేయించుకున్నవాళ్ళు చూసి, మీ చెట్లకి ఇంత క్రమశిక్షణ ఎలా వచ్చిందని అడిగారు.

ఆ రోజు నుంచి నాకొక నియమం. ఫొటోలో మచ్చ ఉండకూడదు. ఆకు, రాయి, గుంట, ఎండిన చోటు, ఏది కనబడినా పక్కనున్న గడ్డిని తెచ్చి దాని మీద అద్దేసేవాణ్ణి. ఆ పనిలో నా చెయ్యి బాగా తిరిగింది. నేను శుభ్రం చేసిన గడ్డి కోసం వేరే ఆఫీసులవాళ్ళు కూడా అడిగేవారు. ఆ గర్వమే తర్వాత నన్ను నిలువునా ముంచబోయింది. ఆ సంగతికి వస్తాను.

ఆదివారాల గుల్‌మొహర్

దానికి ముందు ఇంకొకటి చెప్పాలి. చేత్తో బొమ్మలు వేసే రోజుల్లో, ఒక హాస్టల్ గోడ మరీ బోసిగా ఉందని నా సొంత తెలివితో దాని ముందు ఒక గుల్‌మొహర్ చెట్టు వేశాను, నిండా పూలతో. ప్లానులో అలాంటి చెట్టు లేదు. భవనం కట్టాక వార్డెన్ ఆ బొమ్మ పట్టుకుని ఆఫీసుకొచ్చి, నా చెట్టేదని కూర్చుంది.

ముఖర్జీ గారు ఆమె ముందు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడే నర్సరీ నుంచి మొక్క తెప్పించి అక్కడ నాటించారు. ఆ వేసవంతా ప్రతి ఆదివారం నేను సైకిలు మీద బకెట్ తగిలించుకుని వెళ్ళి దానికి నీళ్ళు పోయాలని తీర్పు చెప్పారు. పోశాను. హాస్టల్ అమ్మాయిలు కిటికీల్లోంచి చూసి నవ్వేవారు. మా ఆవిడైతే ఆ చెట్టుని "మీ రెండో సంసారం" అనేది.

"లేనిది పెట్టకు" అని ఆయన నాకు చెప్పింది ఈ ఒక్క ముక్కే. మిగతాది బకెట్ చెప్పింది.

"నానెటెల్తాను?"

రెండువేల సంవత్సరం దాటాక, మా ఊళ్ళోనే సిద్ధగోరా అంచున ఉన్న ఒక ఖాళీ మైదానాన్ని పార్కు చేయాలని అక్కడి కాలనీ కమిటీ తలపెట్టింది. మైదానానికి ఒక పక్క క్వార్టర్లు. పడమర పక్క బస్తీ, తూర్పు పక్క ఆఫీసులు. ఉన్న గడ్డినే ఉంచి బాగుచేస్తారు, చుట్టూ నడిచేందుకు ఒక ట్రాక్ వేస్తారు, నాలుగు వైపులా రైలింగ్, క్వార్టర్ల వైపు ఒకే ఒక్క గేటు. ప్లాను వేరేవాళ్ళు గీశారు. బొమ్మ మా వంతు.

నేను కెమెరా పట్టుకెళ్ళి ఆ మైదానం ఫొటోలే తీసుకొచ్చాను. ట్రాకుకి మొరం వేసి, అంచులు కలిపి, ప్రాణం పెట్టి పనిచేశాను. నేను వేసిన వాటిల్లో అంత బాగా కుదిరిన గడ్డి లేదు. ముఖర్జీ గారికి చూపించడానికి ప్రింటు పట్టుకుని బయల్దేరి, దారిలో టిఫిన్‌కి ఆగాను.

ఆ ఆఫీసుల గోడ పక్కన ఎర్రమ్మ పిన్ని ఇడ్లీలు అమ్మేది. మాకు చుట్టం కాదు, మా జిల్లా మనిషి. యాభై దాటిన వయసు. తెల్లారేసరికి బస్తీ నుంచి నెత్తిమీద ఇడ్లీల తపేలా, చేతిలో చట్నీ క్యాను పట్టుకుని వచ్చేది. మొగుడు కాంట్రాక్టు పనిలో నడుం దెబ్బతిని ఇంట్లో ఉండిపోయాడు. ఇద్దరికీ ఆ తపేలాయే ఆధారం. హిందీవాళ్ళందరికీ ఆమె ఇడ్లీ మౌసీ.

గొప్ప కోసం ప్రింటు తీసి అందరికీ చూపించాను. తింటున్నవాళ్ళు "వాహ్, వాహ్" అన్నారు. పిన్ని చెయ్యి కొంగుకి తుడుచుకుని దగ్గరికొచ్చి చూసింది.

"ఇది మన మైదానమేటి బాబూ?"

"అదే పిన్నీ. పార్కు చేస్తున్నారు."

"గడ్డి బావుంది. మరి మా తోవేది?"

"ఏ తోవ?"

"నాను రోజూ వచ్చే తోవ. బస్తీ కాడినించి అడ్డంగా."

నేను నవ్వి, రైలింగ్ వేస్తారు కదా, ఇక అడ్డంగా రావడం కుదరదని చెప్పాను.

"అయితే నానెటెల్తాను?"

ఈ ప్రశ్న ఆమె కోపంగా అడగలేదు. బొమ్మ వేసినవాడికి తెలిసే ఉంటుందనుకుని అడిగింది. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే లారీల రోడ్డు. నెత్తిమీద బరువుతో ఆ లారీల పక్కన నడిచి ఆమె చేరేసరికి షిఫ్టు జనం లోపలికి వెళ్ళిపోతారు, ఇడ్లీలు చల్లారిపోతాయి. ఆ తపేలా అలాగే ఇంటికి తిరిగి వెళ్తుంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేను తీసిన ఫొటోల్లో ఆ తోవ ఉంది. గడ్డి మధ్య జానెడు వెడల్పున మట్టిగీత. దాన్ని మచ్చ అనుకుని, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, పక్క గడ్డి తెచ్చి అద్ది నేనే చెరిపేశాను. సర్వేవాళ్ళు గోడలూ స్తంభాలూ కాలవలూ గుర్తిస్తారు గానీ కాలిబాట గుర్తించరు. ప్లాను గీసినవాడు మైదానం చూడనే లేదు. ఈ పనిలో ఆ తోవని కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. సిగ్గేసింది.

స్కేల్ కోసం

ముఖర్జీ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చిరాకుపడ్డారు.

"ప్లాను మనది కాదు రావు. వాళ్ళు గీసింది మనం చూపిస్తాం. తోవ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళిష్టం."

"లేనిది పెట్టొద్దని మీరే చెప్పారు కదా సార్. మరి ఉన్నది తీసెయ్యొచ్చా?"

ఆయన టీ గ్లాసు బల్లమీద పెట్టారు. "శనివారం కమిటీ మీటింగు. ప్లానులో గీత కూడా మార్చకు. నేలని మాత్రం నేలలా చూపించు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్తీకి వెళ్ళి పిన్ని వెనకే ఆ తోవలో నడిచాను. కట్టిన దారి వెయ్యడం వేరు, నడిచిన తోవ వెయ్యడం వేరు. దానికి గట్టి అంచు అనేదే లేదు. ఒకచోట సన్నగా ఉంటుంది, ఒకచోట రెండుగా చీలి మళ్ళీ కలుస్తుంది.

"ఇక్కడ ఎందుకిలా తిప్పారు పిన్నీ?"

"వానాకాలం ఈడ నీళ్ళు నిలత్తాయి బాబూ. అందుకని అలా తిరిగొత్తాం. ఎండాకాలం తిన్నగా పోతాం."

రాళ్ళు తేలినచోట ఎందుకు వంగింది, గట్టినేల మీద ఎందుకు మాయమైంది, అన్నీ చెప్పింది. నాకు తెలిసిన చుక్కలూ చీలికలూ ఈ తోవకి పనికిరాలేదు. మాస్క్ అంతా చేత్తోనే, అడుగు అడుగూ వేశాను. తోవ బస్తీ వైపు నుంచి వచ్చి రైలింగ్‌కి తగిలింది. రైలింగ్ అవతల మళ్ళీ మొదలై, గడ్డిలోంచి, కొత్త ట్రాకు దాటి, తూర్పు రైలింగ్ దాకా పోయింది. ప్లానులో ఉన్నదేదీ నేను మార్చలేదు.

ఇక మనుషులు. బొమ్మలో ఎత్తూ వెడల్పూ తెలియడానికి అక్కడక్కడ మనుషుల్ని పెట్టాలి, దాన్నే స్కేల్ అంటాం. ఆ రోజుల్లో మాకు మనుషులు సీడీలో వచ్చేవారు. అందరూ తెల్లవాళ్ళే. సిద్ధగోరా పార్కులో బంగారు జుట్టు ఆడవాళ్ళు కుక్కల్ని తిప్పుతుండేవారు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఈసారి వాళ్ళకి సెలవిచ్చి, పిన్నిని ఫొటో తీస్తానన్నాను.

"ఉండు బాబూ, కోక మార్సుకొత్తాను" అని చెప్పి, మర్నాడు పెళ్ళికి కట్టే జరీ కోకలో, నెత్తిమీద తపేలాతో వచ్చి నిలబడింది. రోజూ కట్టేది కట్టమనడానికి నోరు రాలేదు. ఆ కోకలోనే తీసి, బొమ్మలో రైలింగ్‌కి ఒక్క అడుగు ఇవతల, బస్తీ వైపు, తూర్పు ముఖంగా నిలబెట్టాను.

ముఖర్జీ గారు చూశారు. "ఈవిడెవరు?"

"స్కేల్ కోసం సార్."

"స్కేల్ కోసమా?" అన్నారు. పెదవి చివర నవ్వు దాచుకుంటూ, "సరే, స్కేల్ కోసమే కదా" అని ప్రింటు చుట్టేశారు.

కమిటీ

శనివారం మీటింగులో పెద్దాయన సిన్హా సాబ్. కళ్ళద్దాలు, గుబురు మీసాలు, ముక్తసరి మాట. ఆయన ముందు కమిటీలో ఎవరూ నోరు తెరిచేవారు కాదు. బోర్డు మీద బొమ్మ పెట్టాం. ఈ పని పోతే ముఖర్జీ గారికి ఆ సంవత్సరం చెప్పుకోదగ్గ పని ఇంకొకటి లేదు.

ఆయన వంగి చూశారు. "ప్లానులో ఈ దారి లేదే?"

"నేల మీద ఉంది సార్" అన్నారు ముఖర్జీ గారు.

సిన్హా సాబ్ వేలు ఆ తోవ మీద మెల్లగా జరుగుతూ వెళ్ళి రైలింగ్ దగ్గర ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "అరే! యే తో హమారీ ఇడ్లీవాలీ మౌసీ హై!"

అంతే, కమిటీ అంతా లేచి బోర్డు దగ్గరికొచ్చింది. ఔనౌను మౌసీయే అని ఒకరు, తపేలా కూడా అదే అని ఒకరు. రోజూ డ్రైవర్‌ని పంపి పొట్లం తెప్పించుకుంటానని సిన్హా సాబే బయటపడ్డారు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఆ జరీ చీర ఎందుకన్నది మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

"ఇక్కడ ఎందుకు నిలబడింది?" అని అడిగారు సిన్హా సాబ్.

ముఖర్జీ గారు నా వైపు చూశారు. నేను లేచి, "రైలింగ్ అడ్డం ఉంది సార్. గేటు అటువైపు లేదు. రోజూ ఇటే వస్తుంది" అన్నాను.

గదిలో అందరూ బొమ్మనే చూస్తున్నారు. సిన్హా సాబ్ మీసం దువ్వుకున్నారు. "తో ఫిర్ నాశ్తా?" అన్నారు, మరి టిఫిన్ సంగతేంటన్నట్టు.

ఆయన జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, ప్లాను మీద రైలింగ్ గీతని పడమర ఒకచోట, తూర్పున ఒకచోట కొట్టేసి, మనిషి తపేలాతో పట్టేంత వెడల్పు ఉండాలని పక్కన రాసి సంతకం పెట్టారు.

న్యాయం గుర్తొచ్చి కాదు, నాస్తా గుర్తొచ్చి. నాకు తేడా ఏమీ లేదు. ఇందులో నా గొప్ప కూడా లేదని మీకు చెప్పాలి. నేను ఎవరి తరఫునా వాదించలేదు, ప్లానుని తప్పుపట్టలేదు. నేను చెరిపేసినదాన్ని మళ్ళీ ఉన్నచోట పెట్టాను. మన చేతిలో ఉన్న అధికారం అంతే, కానీ అది చిన్నదేం కాదు. మీరు మచ్చ అనుకుని అద్దేసే ప్రతి చోటా, అద్దే ముందు ఒక్కసారి అక్కడ ఎవరైనా నడుస్తున్నారేమో కనుక్కోండి.

మెట్లు దిగుతుంటే ముఖర్జీ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "స్కేల్ బాగా కుదిరింది" అన్నారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం తర్వాత ఏ మెచ్చుకోలుకీ కలగలేదు.

ప్రింటు

సోమవారం పొద్దున్నే ఆ బొమ్మ ఒకటి ప్రింటు తీయించి పిన్నికి పట్టుకెళ్ళాను. రెండువైపులా రైలింగ్‌లో తోవకి సందు వదులుతారని చెప్పాను. ఆమె తపేలా మీద మూత పెట్టి, ప్రింటు అందుకుని చాలాసేపు చూసింది. కళ్ళు చెమ్మగిల్లుతాయేమోనని నేను ముందే సర్దుకుని నిలబడ్డాను.

"తోవ అచ్చం అలాగే ఉంది" అంది. "కోక కూడా బావుంది. నీడే తప్పేసినావు."

"నీడేంటి పిన్నీ?"

"నాను పొద్దుటేల కదా ఎల్తాను. సూరీడు ఎదరుంటాడు. నీడ నా ఎనకాల పడాల. నువ్వు ముందరేసినావు."

చూశాను. నిజమే. సాయంత్రపు వెలుగులో గడ్డి అందంగా ఉంటుందని ఎప్పటిలాగే సూర్యుణ్ణి పడమట పెట్టాను. నేను గానీ ముఖర్జీ గారు గానీ పట్టుకోలేదు. కమిటీ మొత్తం బోర్డు చుట్టూ మూగింది, ఒక్కరికీ తట్టలేదు.

"సాయంకాలం పూట నిండు తపేలాతో ఎల్తన్నానంటే ఏటి బాబూ అర్థం?" పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పొద్దున్నించీ ఒక్క ఇడ్లీ అమ్ముడుపోలేదనే గదా! ఆఫీసర్లందరికీ ఇదే సూపించినావా?"

టిఫిన్ తింటున్నవాళ్ళు తెలుగు రాకపోయినా నవ్వారు. ఒక్క నీడ మార్చాలన్నా బొమ్మ మొత్తం మళ్ళీ రెండర్ చెయ్యాలి. ఆఫీసుకెళ్ళి సూర్యుణ్ణి తూర్పుకి మార్చి, కంప్యూటర్‌ని దాని మూలుగుకి వదిలేశాను. మర్నాడు కొత్త ప్రింటు పట్టుకెళ్తే, పిన్ని దాన్ని ఎండకెదురుగా ఎత్తిపట్టుకుని, వెనక్కి పడిన తన నీడని వేలితో తడిమి చూసింది.

"ఇప్పుడమ్ముడుపోతాయి" అంది.